దాదాపు ఖరారు!

వయసు మళ్లిన ఫుట్‌బాల్ హీరో ఒక్కడు దొరికితే చాలు, క్రీడా పేజీకి ఇక ఆటతో పనిలేదు. అతను గోల్ కొడితే 'ఆరిపోయే ముందు వెలుగు'. కొట్టకపోతే 'ముగిసిన శకం'. మైదానంలోకి దిగితే కుర్రాళ్లకు అడ్డం. బెంచీ మీద కూర్చుంటే కోచ్‌తో విభేదాలు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెడితే అందులో ఏదో సంకేతం ఉంది. పెట్టలేదా, ఆ మౌనం అంతకన్నా పెద్ద సంకేతం. ఇంత గిట్టుబాటయ్యే సరుకు ఇంకొకటి లేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడి గురించి రాయాలంటే అతని ఆట చూడాలి. నలభై దాటినవాడి గురించి రాయడానికి అతని పుట్టినరోజు తెలిస్తే సరిపోతుంది.

ఆ పుట్టినరోజు 1985 ఫిబ్రవరి 5. పుట్టింది పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో. క్రిస్టియానో రొనాల్డో 2018 జులైలో రియల్ మాడ్రిడ్ వదిలి జువెంటస్‌కు వెళ్లేనాటికి అతని వయసు 33. పలికిన ధర పది కోట్ల యూరోలు. ఈ వయసువాడికి ఇంత ధరా అని ముక్కున వేలేసుకున్నవాళ్లున్నారు. అప్పటినుంచీ అతని వీడ్కోలు వ్యాసం రాస్తూనే ఉన్నారు, అతను ఆడుతూనే ఉన్నాడు. ఈ జోస్యంలో ఒక సుఖం ఉంది. ఎంతటివాడైనా ఏదో ఒకనాడు రిటైరు కాక తప్పదు. కాబట్టి చెబుతూ పోతే చాలు, నిజం దానంతటదే నడిచి వస్తుంది. ఆనాడు 'మేం ముందే చెప్పాం' అని రాసుకోవచ్చు. ఎంత ముందు చెప్పారో, ఎన్నిసార్లు చెప్పారో ఎవరూ అడగరు.

2021 ఆగస్టు చివరి వారం గుర్తు చేసుకోండి. జువెంటస్‌లో ఇక ఆడనని రొనాల్డో తేల్చేశాడు. ఇది అసలైన వార్త, ఆ జట్టు కోచ్ అలెగ్రీ విలేకరుల ముందు స్వయంగా చెప్పిన మాట. మరి ఎక్కడికి పోతాడు? మాంచెస్టర్ సిటీకే అని లోకం తీర్మానించింది. జీతం మాటలు కూడా అయిపోయాయన్నారు. సిటీ కోచ్ గార్డియోలా అతణ్ని ఏ స్థానంలో ఆడించాలో నిపుణులు స్టూడియోల్లో కూర్చుని నిర్ణయించేశారు. ఆగస్టు 27 ఉదయం దాకా సిటీ. సాయంత్రానికి, అతను ఒకప్పుడు ఆడిన మాంచెస్టర్ యునైటెడ్! ఊరు ఒకటే కాబట్టి సగం నిజం చెప్పినట్టేనని ఎవరైనా వాదించినా నేను ఆశ్చర్యపోను. సిటీ కథ రాసిన చేతులే ఆ రాత్రి 'సొంత గూటికి చేరిన బిడ్డ' కథ రాశాయి. 'పొద్దున మేం రాసింది తప్పు' అన్న ముక్క మాత్రం ఆ రెండు కథల మధ్యా కనబడిన గుర్తు లేదు.

మరుసటి వేసవికి ఈ కళ పండింది. రొనాల్డో యునైటెడ్ వదిలిపోవాలనుకుంటున్నాడని బయటికి పొక్కింది. కుటుంబ కారణాలు చెప్పి జట్టుతో థాయ్‌లాండ్, ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్లలేదు. అంతే, ఇక పత్రికలు అతణ్ని ఊరూరా తిప్పాయి. చెల్సీ అన్నారు, బయెర్న్ మ్యూనిక్ అన్నారు, అట్లెటికో మాడ్రిడ్, నాపోలి అన్నారు, చివరికి చిన్నప్పుడు ఆడిన స్పోర్టింగ్ లిస్బన్ కూడా అయింది. బయెర్న్ పెద్దలు మాకు అక్కర్లేదని బాహాటంగానే చెప్పారు. అట్లెటికో అభిమానులు మా గడప తొక్కొద్దని స్టేడియంలో బ్యానర్ కట్టారు. సెప్టెంబరు 1న బదిలీల గడువు ముగిసింది. ఇన్ని ఊళ్లు తిరిగొచ్చిన మనిషి కదలకుండా యునైటెడ్‌లోనే ఉన్నాడు.

ఆ ఆగస్టులోనే విసుగెత్తిపోయిన రొనాల్డో ఒక అభిమాని పేజీ కింద ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ వ్యాఖ్య పెట్టాడు. తన దగ్గర ఒక నోటు పుస్తకం ఉందనీ, కొన్ని నెలలుగా తన మీద వచ్చిన వంద వార్తల్లో ఐదు మాత్రమే నిజమనీ దాని సారాంశం. దెబ్బ తిన్నవాడు రాసుకున్న లెక్క కాబట్టి కాస్త తగ్గించి చూద్దాం. ఐదు కాదు, ఇరవై అనుకుందాం. వందకు 20 వస్తే మన పదో తరగతిలో కూడా హిందీ తప్ప ఏ సబ్జెక్టులోనూ పాసు చెయ్యరు, 35 ఉండాల్సిందే. ఈ పరీక్షలో మాత్రం ఐదొచ్చినా ఫస్టు క్లాసే. ఇంకో వింత చూడండి. ఆ వ్యాఖ్యను కూడా పత్రికలు వదల్లేదు. రొనాల్డో నోటు పుస్తకం నూట ఒకటో వార్త అయింది. అదొక్కటి నిజం.

ఈ సరుకు తయారీ చూడాలంటే రాత్రి పదకొండు దాటాక వెబ్ డెస్కులో సబ్ ఎడిటర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చోండి. స్పెయిన్‌లో ఏదో రేడియోలో ఎవరో 'అలా జరిగినా జరగొచ్చు' అన్నారు. అది లండన్‌కు చేరేసరికి 'జరిగే అవకాశం ఉంది' అయింది. ఎక్స్‌లో (ఒకప్పటి ట్విటర్) పడేసరికి 'జరగబోతోంది'. మన డెస్కు మీదికి వచ్చేసరికి 'ఫ్యాన్స్‌కు బిగ్ షాక్.. రొనాల్డో సంచలన నిర్ణయం!' మొదటి పేరా: సాకర్ దిగ్గజం జట్టును వీడనున్నాడా? అవుననే అంటున్నాయి సన్నిహిత వర్గాలు. రెండో పేరా: వయసు, గోల్స్, ఇంతవరకూ ఆడిన క్లబ్బులు. మూడో పేరా: జీవిత భాగస్వామి జార్జినా, పిల్లలు, కార్లు. నాలుగో పేరా: దీనిపై నెటిజన్లు తమదైన శైలిలో స్పందిస్తున్నారు. అన్నిటికన్నా కింద, ప్రకటన డబ్బా దాటాక, ఎవరూ చదవని చోట ఒక వాక్యం: దీనిపై అధికారిక ప్రకటన వెలువడాల్సి ఉంది. మొత్తం కథనంలో ఆధారమున్న వాక్యం అదొక్కటే.

మొదటి పేరాలోని ప్రశ్నార్థకాన్ని తక్కువగా అంచనా వెయ్యకండి. జీతం లేకుండా పనిచేసే లాయరు అది. 'వీడనున్నాడు' అంటే రేపు జవాబు చెప్పుకోవాలి. 'వీడనున్నాడా?' అంటే అడిగాం అంతే, తప్పా? యూట్యూబ్ వాళ్లకు ఆ మాత్రం కష్టం కూడా లేదు. రొనాల్డో కళ్లు తుడుచుకుంటున్న పాత ఫొటో ఒకటి, దాని చుట్టూ ఎర్ర వలయం, దానివైపు చూపిస్తూ పసుపు బాణం. బాణం చూపించే చోట ఏమీ ఉండదు. పది నిమిషాల వీడియోలో తొమ్మిదిన్నర నిమిషాలు 'వీడియో చివరిదాకా చూడండి' అని చెప్పడానికే పోతాయి.

ఇంతకీ ఈ సన్నిహిత వర్గాలు ఎవరు? ఏజెంటుకు తన ఆటగాడి ధర పెరగాలి, కాబట్టి నలుగురు కొనడానికి ఎగబడుతున్నారని ఊదుతాడు. అమ్మే క్లబ్బుకు కొనేవాణ్ని తొందరపెట్టాలి. కొనే స్తోమత లేని క్లబ్బుకు 'మేమూ ప్రయత్నించాం' అని అభిమానుల దగ్గర అనిపించుకోవాలి. బ్రిటన్‌లో ఆటగాడి తర్వాతి క్లబ్బు ఏదన్నదాని మీద కూడా పందేలు కాస్తారు. పందెం కంపెనీ రేటు మారిస్తే అది వార్త. ఆ వార్త చూసి ఇంకొందరు డబ్బు పెడతారు. దాంతో రేటు మళ్లీ మారుతుంది. అది ఇంకో వార్త. ఇంత తతంగంలో ఆటగాడు ఎక్కడున్నాడయ్యా అంటే, ఎక్కడో పడవ మీద సెలవులు గడుపుతున్నాడు. ఆ పడవ ఫొటో మూడో వార్త.

యూరప్ పత్రికలకు కూడా ఊళ్లున్నాయి. మాడ్రిడ్‌లో 'మార్కా', 'ఆస్'. బార్సిలోనాలో 'ముండో దెపోర్తివో', 'స్పోర్ట్'. ట్యూరిన్‌లో 'టుట్టోస్పోర్ట్'. ఉగాదినాడు మన పార్టీ ఆఫీసుల్లో పంచాంగ శ్రవణం ఎలా సాగుతుందో తెలుసుగా. గ్రహాలు అవే, సంవత్సరం అదే. ఏ ఆఫీసులో చదివితే ఆ నాయకుడికి రాజయోగం. మాడ్రిడ్ పంతులుగారి లెక్కలో మాడ్రిడ్ కోరినవాడు ఎప్పుడూ దారిలోనే ఉంటాడు. బార్సిలోనా లెక్కలో అదే గ్రహం బార్సిలోనా వైపు చూస్తుంది. తేడా ఒక్కటే. మనవాళ్లు ఏడాదికోసారి చెప్పి దక్షిణ తీసుకుని వెళ్లిపోతారు. వాళ్లకు ప్రతి పొద్దూ ఉగాదే.

'కొన్ని నిజమయ్యాయి కదా' అంటారు. అయ్యాయి, కాదనను. 2022 నవంబరులో యునైటెడ్‌తో తెగతెంపులయ్యాక, డిసెంబరు మొదట్లో 'మార్కా' ఒక వార్త వేసింది. సౌదీ క్లబ్బు అల్ నస్ర్‌తో రొనాల్డోకు ఒప్పందం కుదిరిందని. డిసెంబరు 6న ప్రపంచకప్‌లో స్విట్జర్లాండ్ మ్యాచ్ అయ్యాక అది నిజం కాదని రొనాల్డో కొట్టిపారేశాడు. డిసెంబరు 30న అదే అల్ నస్ర్ పసుపు చొక్కా పట్టుకుని ఫొటోకు నిలబడ్డాడు. ఆటగాడి ఖండన కూడా వేదవాక్కేం కాదన్నమాట. అయితే ఆ రోజుల్లోనే ఇంకో రెండు వార్తలొచ్చాయి. న్యూకాజిల్ జట్టు ఛాంపియన్స్ లీగ్‌కు అర్హత సాధిస్తే అక్కడికి వెళ్లి ఆడే షరతు ఒప్పందంలో ఉందని ఒకటి. అలాంటిదేమీ లేదని న్యూకాజిల్ కోచ్ ఎడ్డీ హౌ అన్నాడు. ప్రపంచకప్ కోసం సౌదీ చేసే ప్రయత్నానికి రాయబారిగా ఉన్నందుకు ఇంకో 20 కోట్ల యూరోలు ముడతాయని రెండోది. దాన్ని అల్ నస్ర్ ఖండించింది. మూడు వార్తలూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే ధీమాతో వచ్చాయి. ఒకటి నిజం, రెండు గాలిమాటలు. ఏది ఏదో పాఠకుడికి ఎలా తెలియాలి?

నా గొడవ ఇక్కడే. అంచనా తప్పడం నేరమేం కాదు. నలుగురికి ఫోన్లు చేసి, కాగితం కళ్లారా చూసి రాసిన విలేకరినీ, అతని వాక్యానికి తన ఊహ అతికించి రాసినవాణ్నీ ఒకే గాటన కట్టడం నేరం. మొదటివాడికి వారం పడుతుంది, రెండోవాడికి పావుగంట. ఇద్దరికీ అదే పేజీ, అదే శీర్షిక అయినప్పుడు వారం కష్టపడేవాడు వెర్రివాడవుతాడు. మెస్సీ విషయంలోనూ ఇదే జరిగింది. సౌదీలో ఆడటానికి అంతా ఖాయమైపోయిందని 2023 మేలో ఏకంగా ఏఎఫ్‌పీ అంతటి వార్తాసంస్థ చెప్పింది. ఏదీ ఖాయం కాలేదని తండ్రి హోర్హే మెస్సీ ప్రకటన ఇచ్చాడు. జూన్ 7న మెస్సీ తానే నోరు విప్పి అమెరికాలోని ఇంటర్ మయామీకి పోతున్నానన్నాడు. ఈ మధ్యలో సౌదీ కథలు ఎన్ని పేజీలు నిండాయో, అవన్నీ నడిచిందెవరి కాగితం మీదో అడిగేవాడు లేడు.

వర్గాలు దొరకని రోజున ముఖకవళికల శాస్త్రం ఉండనే ఉంది. 2024 జులై 1న ఫ్రాంక్‌ఫర్ట్‌లో, యూరో కప్‌లో స్లొవేనియా మీద రొనాల్డో కొట్టిన పెనాల్టీని గోల్‌కీపర్ ఒబ్లాక్ ఆపేశాడు. మ్యాచ్ ఇంకా నడుస్తుండగానే రొనాల్డో ఏడ్చేశాడు. శాస్త్రజ్ఞులు తేల్చారు: అహం గాయపడింది, కథ ముగిసింది. 2025 జూన్ 8న మ్యూనిక్‌లో, నేషన్స్ లీగ్ ఫైనల్లో అదే మనిషి స్పెయిన్ మీద గోల్ కొట్టి 2-2 చేశాడు, పోర్చుగల్ పెనాల్టీల్లో కప్పు గెలిచింది, మళ్లీ ఏడ్చాడు. అదే శాస్త్రజ్ఞులు తేల్చారు: ఇదీ దేశభక్తి, ఇదీ నాయకత్వం. కన్నీళ్లలో ఉప్పు మారలేదు, స్కోరు మారింది.

ఇక 'అతను లేకపోతేనే జట్టు బాగుంటుంది' అనే సిద్ధాంతం. 2022 డిసెంబరు 6న రొనాల్డోను బెంచీ మీద కూర్చోబెట్టి పోర్చుగల్ స్విట్జర్లాండ్‌ను 6-1తో చిత్తు చేసింది. అతని స్థానంలో దిగిన గొన్సాలో రామోస్ మూడు గోల్స్ కొట్టాడు. సిద్ధాంతం రుజువైపోయింది. నాలుగు రోజుల తర్వాత మొరాకో మ్యాచ్‌నూ రొనాల్డోను బెంచీ మీదే ఉంచి మొదలుపెట్టారు. 0-1తో ఇంటిదారి పట్టారు. ఆ రోజు సిద్ధాంతం సెలవు పెట్టింది. 2025 నవంబరు 13న డబ్లిన్‌లో ఐర్లాండ్ చేతిలో 0-2తో ఓడిన మ్యాచ్‌లో రొనాల్డో మోచేత్తో కొట్టి ఎర్రకార్డు తెచ్చుకున్నాడు. జాతీయ జట్టు చొక్కాలో అతనికి అదే మొదటి ఎర్రకార్డు. మూడు రోజులకు అతను లేని పోర్చుగల్ 9-1తో గెలిచింది. సిద్ధాంతం వెంటనే డ్యూటీలో చేరిపోయింది. ఎదురుగా ఆడింది అర్మేనియా అన్న సంగతికి శీర్షికలో చోటు చాలలేదు. అంతకు అయిదు నెలల ముందు నేషన్స్ లీగ్ సెమీస్‌లో జర్మనీ మీద గెలుపు గోల్ కొట్టిందీ, ఫైనల్లో స్కోరు సమం చేసిందీ ఇదే మనిషన్నది ఈ లెక్కలోకి రాదు.

నిజానికి ఇందులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బంతి పోయిన క్షణంలో ముందువరుసలో ఉన్నవాడు వెంటపడి ఎదుటి డిఫెండర్లను తొందరపెట్టాలి. నలభై ఏళ్ల కాళ్లు తొంభై నిమిషాలూ ఆ పని చెయ్యగలవా? చెయ్యలేకపోతే ఆ పరుగు ఎవరు పరిగెత్తాలి? బ్రూనో ఫెర్నాండెజా, బెర్నార్దో సిల్వానా? వాళ్లు ముందుకు ఉరికితే వాళ్ల వెనక ఖాళీ ఎవరు పూడ్చాలి? ఆ పరుగంతా పెట్టినా, పెనాల్టీ బాక్సు లోపల అతను తెచ్చే ఒక్క గోల్‌తో లెక్క సరిపోతుందా? పోర్చుగల్ కోచ్ తల బద్దలు కొట్టుకునే ప్రశ్న ఇదే. దీనికి జవాబు రాయాలంటే బంతి లేనప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారో మ్యాచ్ మొత్తం కూర్చుని చూడాలి. చూసి రాసేవాళ్లు ఉన్నారు. వాళ్ల వ్యాసం కింద అయిదుగురు స్పందిస్తారు. 'డ్రెస్సింగ్ రూంలో చిచ్చు?' కింద అయిదు వేలమంది.

హీరోగారు కూడా తక్కువవాడేం కాదు. 2025 మే 26న సౌదీ లీగ్ సీజన్ చివరి మ్యాచ్ అయిన రాత్రి, ఈ అధ్యాయం ముగిసిందనీ, కథ మాత్రం ఇంకా రాస్తూనే ఉన్నాననీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. ఏ అధ్యాయమో చెప్పలేదు. చెబితే ఇంకేముంది! క్లబ్ ప్రపంచకప్‌లో ఆడేందుకు రొనాల్డో కోసం కొన్ని క్లబ్బులు మాట్లాడుతున్నాయని ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో అప్పటికే నిప్పు రాజేసి ఉంచాడు. ఇక నెలరోజులు మొరాకో నుంచి బ్రెజిల్ దాకా రొనాల్డో దిగని విమానాశ్రయం లేదు. జూన్ 26న ఆయన సంతకం పెట్టాడు. ఎక్కడా? అల్ నస్ర్‌లోనే, 2027 దాకా. గాలివార్తల మీద విసుక్కుంటూ నోటు పుస్తకం చూపించిన మనిషే గాలికి తలుపు తీసి పెట్టాడు. ఎవరి వ్యాపారం వాళ్లది.

ఆ గాలి మన దేశం దాకా వీచింది. ఏఎఫ్‌సీ ఛాంపియన్స్ లీగ్ టూలో ఎఫ్‌సీ గోవా, అల్ నస్ర్ ఒకే గ్రూపులో పడ్డాయని తెలిసిన రోజునుంచీ ఒకటే ప్రశ్న: రొనాల్డో వస్తాడా? వస్తున్నాడన్నారు, వీసా అన్నారు, భద్రత అన్నారు, ఒప్పందంలో షరతు ఉందన్నారు. 2025 అక్టోబరు 22న ఫటోర్డా స్టేడియంలో మ్యాచ్ జరిగింది. రొనాల్డో రాలేదు. గోవా 1-2తో ఓడింది. కోట్లు గుమ్మరించి కట్టిన సౌదీ జట్టు మీద ఒక్క గోల్ తేడా! ఆ ఒక్క గోల్ కొట్టింది బ్రైసన్ ఫెర్నాండెజ్ అనే గోవా కుర్రాడు. మర్నాటి శీర్షికల్లో రానివాడి పేరు ముందు, కొట్టినవాడి పేరు వెనక.

ఫటోర్డా పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2022 మార్చి 20న అదే మైదానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. ఆ జట్టు 2025లో హైదరాబాద్ వదిలేసి ఢిల్లీ వెళ్లి పేరు మార్చుకుంది. ఇది నిజంగా జరిగిన బదిలీ. ఒక ఆటగాడు కాదు, జట్టుకు జట్టే ఊరు మారింది. దీనికి సన్నిహిత వర్గాలు దొరకలేదు, ఎర్ర వలయాలు గీసినవాళ్లు లేరు, నెటిజన్లు తమదైన శైలిలో స్పందించలేదు. 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా జాతీయ సమాఖ్య అవార్డు అందుకున్న గుగులోత్ సౌమ్యది నిజామాబాద్ జిల్లా. ఆమె వచ్చే సీజన్‌లో ఏ క్లబ్బుకు ఆడుతుందో ఊహాగానమైనా ఎవరైనా రాశారా? అబద్ధమైనా సరే, ఒక్కటి రాయండి, చదివి పెడతాం.

అబద్ధాలు మానెయ్యమని అడిగేంత అమాయకుణ్ని కాను. లెక్క చూపించమంటున్నాను, అంతే. మన పంచాంగంలో ప్రతి రాశికీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంకెలు వేస్తారు. ప్రతి క్రీడా పేజీ ఏడాది చివర తన రాశిఫలం తానే అచ్చేసుకోవాలి. రాసిన బదిలీలు ఇన్ని, జరిగినవి ఇన్ని. చెప్పిన రిటైర్మెంట్లు ఇన్ని, అయినవి ఇన్ని. నిజాలు ఆదాయం కింద, గాలిమాటలు వ్యయం కింద. రొనాల్డో నోటు పుస్తకం ప్రకారమైతే ఆదాయం 5, వ్యయం 95. రాజపూజ్యం ఎటూ ఆటగాళ్లే పట్టుకుపోతారు. నాలుగో గడిలో అంకె ఎంతో వేసుకునే పని పత్రికలదే. అది వేసేదాకా, 'దాదాపు ఖరారు' అని ఎక్కడ కనబడినా ఆటల పేజీలో కాదు, వారఫలాల పక్కన అచ్చువెయ్యండి.